‘బాడీ అండ్ సోల్’ను వినడం, విప్పి చూడడం, వాయించడం: సమగ్ర మార్గదర్శి

జాజ్ సంగీతంలో నెమ్మదైన నడకతో సాగే ప్రేమగీతాన్ని బాలడ్ అంటారు. ఆ కోవకు చెందిన పాటల్లో వాద్యకారులు తమ విద్యకు గీటురాయిగా ఎంచుకున్నది 1930 నాటి ‘బాడీ అండ్ సోల్’. శాక్సోఫోన్ చేతపట్టిన ప్రతి వ్యక్తీ ఎప్పుడో ఒకప్పుడు ఈ పాట ముందు నిలబడక తప్పదు. ఈ పాట చరిత్రను ఒకచోట, హార్మొనీని (బాణీ వెనక నడిచే కార్డుల అల్లికను) మరొకచోట చదివితే రెండూ సగమే అర్థమవుతాయని నా అభిప్రాయం, ఎందుకంటే దీని ప్రసిద్ధ రికార్డింగులన్నీ అవే కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) మీద ఒక్కొక్క తరం రాసిన వ్యాఖ్యానాలు. అందుకే ఈ మార్గదర్శిలో ఒక రికార్డింగును వినడమూ, దాని వెనక ఉన్న కార్డులను వేళ్లతో తడిమి చూడడమూ చాలావరకు కలిసే నడుస్తాయి.

ఇది కీబోర్డుపై మేజర్, మైనర్ కార్డులు పట్టుకోగలిగి, కర్ణాటక సంగీతపు స్వరస్థానాలతో కొద్దిపాటి పరిచయం ఉన్న పాఠకుల కోసం రాసినది. కార్డుల పేర్లలో ‘మే7’ అంటే మేజర్ సెవెంత్, ‘మై7’ అంటే మైనర్ సెవెంత్, ‘డిమ్’ అంటే డిమినిష్డ్ సెవెంత్, ఊరికే 7 అని ఉంటే డామినెంట్ సెవెంత్, 6 అని ఉంటే ఆరో స్వరం చేర్చిన మేజర్ కార్డు అని గ్రహించాలి. ♭ (ఫ్లాట్) అంటే స్వరాన్ని అరమెట్టు, అంటే కీబోర్డుపై పక్క మీట దూరం, దించడం; ♯ అంటే అంతే ఎత్తడం. నాలుగు లెక్కల కొలత ఒక బార్.

మొదటి మెట్టు: కోల్‌మన్ హాకిన్స్ 1939 రికార్డింగుకు ముందున్న పాటను వినండి

స్వరకర్త జానీ గ్రీన్ 1908లో న్యూయార్క్‌లో జన్మించారు. హార్వర్డ్‌లో చదువుకున్న ఆయనకు ఈ పాట కట్టేనాటికి ఇరవై రెండేళ్లు నిండలేదు. సాహిత్యం కింద ఎడ్వర్డ్ హేమన్, రాబర్ట్ సౌర్, ఫ్రాంక్ ఐటన్ అనే ముగ్గురి పేర్లు కనిపిస్తాయి. బ్రిటిష్ నటీమణి గెర్‌ట్రూడ్ లారెన్స్ కోసం రాసిన ఈ పాటను ఆమె లండన్‌కు తీసుకువెళ్లడంతో, అమెరికాలో పుట్టినప్పటికీ ఇది ముందుగా ఇంగ్లండ్‌లోనే ప్రచారం పొందింది, జాక్ హిల్టన్ నృత్య వాద్యబృందం 1930లోనే దీన్ని రికార్డు చేసింది. అదే ఏడాది అక్టోబరులో బ్రాడ్‌వేలో మొదలైన ‘త్రీస్ ఎ క్రౌడ్’ అనే రంగస్థల ప్రదర్శనలో లిబ్బీ హోల్మన్ పాడాక అమెరికన్ ప్రేక్షకులు దీన్ని తమదిగా చేసుకున్నారు. ఆ నెలలోనే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ లాస్ ఏంజెలెస్‌లో తన గొంతుతోనూ, ట్రంపెట్‌తోనూ దీన్ని రికార్డు చేశారు. అంటే పుట్టిన సంవత్సరంలోనే ఈ పాట నాటకశాల నుంచి జాజ్ వాద్యకారుల చేతికి వచ్చేసింది.

మీరు వినవలసిన మొదటి రికార్డింగు ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. ఆయన మాటలను ఎక్కడ వెనక్కి లాగుతున్నారో, తాళం మాత్రం ఎలా కదలకుండా ఉంటుందో గమనించండి. రెండోది 1935లో బెన్నీ గుడ్‌మన్ క్లారినెట్, టెడ్డీ విల్సన్ పియానో, జీన్ క్రూపా డ్రమ్స్‌తో చేసిన త్రయం రికార్డింగు. నల్లజాతి, తెల్లజాతి వాద్యకారులు కలిసి వేదికెక్కడం అమెరికాలో అరుదుగా ఉన్న కాలమది. అందులో అడుగు స్వరాలు వాయించే బేస్ వాద్యం లేదు, కాబట్టి విల్సన్ ఎడమచేయి ఏ స్వరం నుంచి ఏ స్వరానికి వెళుతున్నదో స్పష్టంగా వినిపిస్తుంది, హార్మొనీ నేర్చుకునేవారికి ఇంతకంటే అనువైన రికార్డింగు ఆ దశాబ్దంలో మరొకటి నాకు కనబడదు. మూడోది 1938లో చూ బెర్రీ టెనర్ శాక్సోఫోన్, రాయ్ ఎల్‌డ్రిడ్జ్ ట్రంపెట్ కలిసి వాయించినది. ఎల్‌డ్రిడ్జ్ వంతు రాగానే వేగం రెట్టింపైనట్టు వినిపిస్తుంది, కానీ కార్డులు మారే వేగం మారదు. డబుల్ టైమ్ అనే ఈ పద్ధతి తరువాతి కాలంలో బాలడ్‌లను వాయించే తీరులో ఒక భాగమైపోయింది.

పాట వాద్యకారుల చేతుల్లో కదలకముందు మాటల బరువు తెలియాలనుకునేవారు 1939 తరువాతదే అయినా, గాయని బిల్లీ హాలిడే 1940 నాటి రికార్డింగును కూడా వినాలి. శాక్సోఫోన్‌పై వాయించేవారు సైతం పాట మాటలను కంఠస్థం చేయడం మంచిదన్నది జాజ్ వాద్యకారుల్లో పాతకాలం నుంచీ ఉన్న నమ్మకం. ఊపిరి ఎక్కడ తీయాలన్నది మాటలే చెబుతాయి కనుక అది కేవలం భక్తితో చెప్పిన మాట కాదు.

రెండో మెట్టు: పాట పటాన్ని గీసుకోండి

పాట మొత్తం 32 బార్‌లు. ఎనిమిది బార్‌ల ప్రధాన భాగం రెండుసార్లు వస్తుంది, తరువాత బ్రిడ్జి అని పిలిచే ఎనిమిది బార్‌ల వేరే భాగం వస్తుంది, చివరగా ప్రధాన భాగం మరోసారి వస్తుంది. ఆ కాలపు అమెరికన్ పాటల్లో సగానికి పైగా ఇదే కట్టుబాటులో ఉన్నట్టనిపిస్తుంది, కనుక ఇందులో విశేషం లేదు. విశేషమంతా శ్రుతి మారే తీరులో ఉన్నది.

వాద్యకారులు ఈ పాటను డి♭ మేజర్‌లో వాయించడం ఆనవాయితీ. మన హార్మోనియం లెక్కలో అది ఒకటిన్నర శ్రుతి. ప్రధాన భాగం ఒకటిన్నరలో ఉంటుంది. బ్రిడ్జి మొదటి సగం రెండు శ్రుతికి ఎక్కుతుంది. రెండో సగం ఒకటి శ్రుతికి దిగుతుంది. చివరి ఎనిమిది బార్‌లలో తిరిగి ఒకటిన్నరకు చేరుతుంది. ఇంటికి ఇరువైపులా అరమెట్టు దూరంలో ఉన్న రెండు శ్రుతులనూ తాకి వచ్చే ఈ ప్రయాణాన్ని ముందుగా కార్డులు లేకుండా, కేవలం డి♭, డి, సి, డి♭ అనే నాలుగు ఆధార షడ్జమాలతో పాడి చూడండి. ఒక్కొక్క షడ్జమం మీద శంకరాభరణం ఆరోహణ, అవరోహణ పాడి తరువాతి దానికి వెళ్లండి. దగ్గరి శ్రుతులే అయినా మొదటి మార్పు చాలా దూరంగా ఉందని గొంతుకు వెంటనే తెలుస్తుంది.

దానికి కారణం లెక్కలోనే ఉన్నది. డి♭ మేజర్‌లోని ఏడు స్వరాలకూ డి మేజర్‌లోని ఏడు స్వరాలకూ ఉమ్మడిగా ఉన్నవి రెండే: డి♭, జి♭. డి మేజర్, సి మేజర్‌ల మధ్య ఉమ్మడి స్వరాలు ఐదు. తిరిగి సి నుంచి డి♭కు రావాలంటే మళ్లీ రెండే. అందువల్ల బ్రిడ్జిలోకి వెళ్లడమూ, బయటికి రావడమూ చెవికి పెద్ద మలుపులుగా తోస్తాయి, బ్రిడ్జి మధ్యలో జరిగే మార్పు మాత్రం తేలిగ్గా జారినట్టుంటుంది. గ్రహభేదం తెలిసినవారు ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. గ్రహభేదంలో స్వరాలు అవే ఉండి షడ్జమం మాత్రమే మారుతుంది. ఇక్కడ షడ్జమంతోపాటు స్వరాలన్నీ కదులుతాయి, వాటి మధ్య దూరాలు మాత్రమే నిలుస్తాయి. తంబురా మోగుతుండగా ఈ పాటను సాధన చేయడం కుదరనిది అందుకే.

మూడో మెట్టు: ప్రధాన భాగపు కార్డులను బేస్ నుంచి పైకి నిర్మించండి

వాడుకలో ఉన్న కార్డులు ఇవి. చిన్నచిన్న తేడాలతో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వాయించినప్పటికీ అస్థిపంజరం ఇదే.

| ఇ♭మై7 – బి♭7 | ఇ♭మై7 – ఎ♭7 | డి♭మే7 – జి♭7 | ఎఫ్ మై7 – ఇ డిమ్ |

| ఇ♭మై7 – అదే కార్డు, బేస్‌లో డి♭ | సి మై7 (ఫ్లాట్ ఫిఫ్త్) – ఎఫ్7 | బి♭మై7, ఇ♭7, ఇ♭మై7, ఎ♭7 | డి♭6 – బి♭7 |

మొదట ఎడమచేత్తో ప్రతి కార్డు మూలస్వరాన్ని మాత్రమే వాయించండి. పాట తన షడ్జమం మీద మొదలుకాకపోవడం మొట్టమొదట తెలిసే విషయం. మొదటి కార్డు రెండో మెట్టు మీది మైనర్ సెవెంత్. దాన్ని బి♭7 ఒకసారి తోసి మళ్లీ అక్కడికే తెస్తుంది. మూడో బార్‌లో గాని డి♭ కార్డు రాదు. శ్రోత పాటలోకి ప్రవేశించేసరికి సంభాషణ అప్పటికే నడుస్తున్నట్టుండే ఆ అనుభూతికి మూలం ఇదే. రెండో ప్రధాన భాగానికి ముందు ఎనిమిదో బార్ చివర బి♭7 వేయడం కూడా డి♭ మీద నిలబడనివ్వకుండా మళ్లీ ఇ♭ మైనర్‌లోకి నెట్టడానికే.

మూడో బార్ రెండో సగం నుంచి ఐదో బార్ వరకు మూలస్వరాలను వరుసగా వాయించండి: జి♭, ఎఫ్, ఇ, ఇ♭. నాలుగు స్వరాలు అరమెట్టు చొప్పున కిందికి దిగుతాయి. పాటలో అందరికీ గుర్తుండిపోయే దిగుడు ఇది. మధ్యలో ఉన్న ఇ డిమినిష్డ్ కార్డును పరాయిదానిగా చూడనవసరం లేదు, ఎఫ్ మైనర్ నుంచి ఇ♭ మైనర్‌కు జారేటప్పుడు కాలు మోపే మెట్టు అది. ఎఫ్ మైనర్‌లోని ఎ♭, డిమినిష్డ్ కార్డులోని జి, ఇ♭ మైనర్‌లోని జి♭ కూడా అదే క్రమంలో బేస్‌కు సమాంతరంగా దిగుతాయి. కుడిచేత్తో ఆ మూడు స్వరాలను, ఎడమచేత్తో ఎఫ్, ఇ, ఇ♭ను కలిపి వాయిస్తే రెండు వేళ్లతోనే పాట గుర్తుపట్టగలిగేలా వినిపిస్తుంది.

ఐదో, ఆరో బార్‌లలో ఇంకొక పొదుపైన ఏర్పాటు ఉన్నది. ఇ♭ మైనర్ సెవెంత్‌లో ఇ♭, జి♭, బి♭, డి♭ ఉంటాయి. బేస్ డి♭కు దిగి, అక్కడినుంచి సికి దిగేసరికి పైన ఉన్న ఇ♭, జి♭, బి♭ కదలకుండానే అది సి మైనర్ సెవెంత్ ఫ్లాట్ ఫిఫ్త్ అయిపోతుంది. అంటే ఒక్క స్వరం అరమెట్టు మారితే కార్డు పేరు మారింది, దాని గమ్యమూ మారింది. అది ఎఫ్7 ద్వారా బి♭ మైనర్‌కు తీసుకుపోతుంది. పేర్లు చూసి భయపడే విద్యార్థులకు ఈ రెండు బార్‌లను ముందుగా నేర్పడం మంచిదని నేననుకుంటాను.

ఏడో బార్‌లో నాలుగు లెక్కలకు నాలుగు కార్డులు ఇరుకుగా ఉంటాయి. మొదట్లో ఇ♭మై7, ఎ♭7 రెండింటినే రెండేసి లెక్కలు వాయించినా నష్టం లేదు.

నాలుగో మెట్టు: మూడో స్వరం, ఏడో స్వరం

ప్రతి కార్డు స్వభావం దాని మూలస్వరం నుంచి లెక్కించిన గాంధార, నిషాదాలలో ఉంటుంది. మైనర్ సెవెంత్‌లో సాధారణ గాంధారం, కైశికి నిషాదం. డామినెంట్ సెవెంత్‌లో అంతర గాంధారం, కైశికి నిషాదం. మేజర్ సెవెంత్‌లో అంతర గాంధారం, కాకలి నిషాదం. బేస్ వాద్యకారుడు మూలస్వరాన్ని వాయిస్తున్నప్పుడు పియానో వాద్యకారుడు ఈ రెండు స్వరాలు మాత్రమే వాయించినా హార్మొనీ పూర్తిగా వినిపిస్తుంది. పంచమాన్ని వదిలేసినా ఎవరికీ లోటు తెలియదు.

కీబోర్డు నడుమ ప్రాంతంలో ఈ జంటలను వరుసగా పట్టుకోండి: ఇ♭ మైనర్‌కు జి♭, డి♭, ఎ♭7కు జి♭, సి, డి♭ మేజర్‌కు ఎఫ్, సి, జి♭7కు ఇ, బి♭, ఎఫ్ మైనర్‌కు ఇ♭, ఎ♭. ప్రతి మార్పులోనూ ఒక స్వరం నిలిచిపోతుంది, లేదా అరమెట్టో మెట్టో కదులుతుంది; ఎక్కడా పెద్ద గెంతు ఉండదు. వేలు గెంతవలసి వచ్చిందంటే జంటను తలకిందులుగా పట్టుకున్నారని అర్థం. గబగబా వాయించడం ఈ సాధన ఉద్దేశం కాదు, కాబట్టి మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 వద్ద ఉంచి, ఎనిమిది బార్‌లూ కాగితం చూడకుండా వచ్చేవరకు ఇక్కడే ఉండండి. పుస్తకాలు ఈ మెట్టును ఒక్క పేరాలో దాటేస్తాయి. సాధనలో దీనికే ఎక్కువ కాలం పడుతుంది.

ఇంకొక విషయాన్ని ఇక్కడే గమనించాలి. డి♭ శంకరాభరణానికి బయట ఉన్న స్వరస్థానాలు ఐదు: డి, ఇ, జి, ఎ, బి. బి♭7 గాంధారంగా డి వస్తుంది. జి♭7 నిషాదంగా ఇ వస్తుంది. ఇ♭7 గాంధారంగా జి వస్తుంది. ఎఫ్7 గాంధారంగా ఎ వస్తుంది. బి♭7 మీద వాడుకగా కలిపే ఫ్లాట్ నైంత్ రూపంలో బి వస్తుంది. ఎనిమిది బార్‌లు ముగిసేసరికి పన్నెండు స్వరస్థానాలూ వినిపించాయన్నమాట. అయినా శ్రోతకు ఒకటిన్నర శ్రుతిలోనే ఉన్నామన్న భావన చెదరదు, ఎందుకంటే ఆ బయటి స్వరాలలో ఏదీ మజిలీ కాదు, ప్రతి ఒక్కటీ అరమెట్టు పక్కనున్న ఇంటి స్వరానికి దారి చూపుతూ వెళ్లిపోతుంది.

ఐదో మెట్టు: బ్రిడ్జి

ఈ పాటను నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రెండో ప్రధాన భాగం చివర డి♭6 తరువాత బి♭7కు బదులు ఇ మై7, ఎ7 వేసి బ్రిడ్జిలోకి వెళతారు.

| డి మే7 – ఇ మై7 | డి (బేస్‌లో ఎఫ్♯) – జి మై7, సి7 | ఎఫ్♯మై7, బి మై7, ఇ మై7, ఎ7 | డి మే7 |

| డి మై7 – జి7 | సి మే7 – ఇ♭ డిమ్ | డి మై7 – జి7 | సి7, బి7, బి♭7 |

ప్రవేశాన్ని విడిగా సాధన చేయండి. డి♭6 మీద ఆగి డి♭ స్వరాన్ని గట్టిగా పాడండి. దాన్ని పట్టుకునే ఉండి కింద ఎ7 వాయించండి. ఇప్పటిదాకా షడ్జమంగా ఉన్న స్వరం ఎ7కు గాంధారమైంది, కొత్త శ్రుతికి కాకలి నిషాదమైంది. పైనున్న డికి ఎక్కాలన్న ఆత్రం అదే గొంతులో పుడుతుంది. స్వరం మారలేదు, దాని హోదా మారింది. ఈ ఒక్క క్షణాన్ని చెవి పట్టుకోగలిగితే బ్రిడ్జి సగం వచ్చినట్టే. డి మేజర్ వెలుగుగా వినిపించడానికి కారణం అరమెట్టు ఎత్తు పెరగడం మాత్రమే కాదు. అంతకుముందు పదహారు బార్‌లు మైనర్ కార్డుతో మొదలైన వాక్యాలే విని ఉన్న చెవికి ఇక్కడ ఒక వాక్యం మొట్టమొదటిసారిగా షడ్జమం మీది మేజర్ కార్డుతో మొదలవుతుంది.

మొదటి రెండు బార్‌లలో బేస్ డి, ఇ, ఎఫ్♯, జి అని మెట్లు ఎక్కుతుంది. ప్రధాన భాగంలో దిగిన బేస్ ఇక్కడ ఎక్కడం యాదృచ్ఛికమో కాదో గాని, పాడుతున్నప్పుడు గుండెలో తెలుస్తుంది. జి మైనర్, సి7 జంట డి మేజర్‌కు చెందనిది. సగం బార్ పాటు నీడ పడి తొలగినట్టు అది వచ్చి పోతుంది. తరువాతి బార్‌లో ఎఫ్♯, బి, ఇ, ఎ అని నాలుగేసి స్వరాల దూరంతో సాగే బేస్ నాలుగో బార్‌లో డి వద్ద నిలుస్తుంది.

అక్కడినుంచి సి మేజర్‌కు దిగడం సులభం. డి మేజర్ సెవెంత్‌లోని ఎఫ్♯ను ఎఫ్‌కూ, సి♯ను సికీ దించితే డి మైనర్ సెవెంత్ వచ్చేస్తుంది. ఆ కార్డు సి మేజర్‌కు రెండో మెట్టు మీది కార్డు కాబట్టి, జి7 తోడైతే కొత్త శ్రుతి స్థిరపడుతుంది. ఆరో బార్‌లో సి మేజర్‌కు బదులు చాలామంది ఇ మై7 వేస్తారు. అప్పుడు ఇ, ఇ♭, డి అనే దిగుడు ఏర్పడుతుంది. ప్రధాన భాగపు నాలుగో బార్‌ను తీసి పక్కన పెట్టి చూస్తే ఇది అదే నడక అని తెలుస్తుంది. అక్కడ ఎఫ్ మైనర్, ఇ డిమ్, ఇ♭ మైనర్. ఇక్కడ ఇ మైనర్, ఇ♭ డిమ్, డి మైనర్. శ్రుతి అరమెట్టు తగ్గిందే తప్ప వాక్యం అదే. బ్రిడ్జి పూర్తిగా వేరే లోకమని అనిపిస్తున్నా పాట ఒక్కటిగా నిలిచి ఉండడానికి ఈ దాగిన చుట్టరికం ఒక కారణమని నా నమ్మకం.

చివరి బార్‌లోని సి7, బి7, బి♭7 ఈ పాట సంతకం వంటివి. మొదటి రెండు లెక్కలు సి7కు ఇచ్చి తరువాతి రెండింటికి చెరొక లెక్క ఇవ్వండి. గాంధారాలు ఇ, ఇ♭, డి అని దిగుతాయి. నిషాదాలు బి♭, ఎ, ఎ♭ అని దిగుతాయి. తరువాత ఇ♭ మైనర్ సెవెంత్ రాగానే డి స్వరం డి♭కు దిగుతుంది. అంటే ఇ నుంచి డి♭ వరకు అరమెట్ల వరుస తెగకుండా సాగి ఇంటి షడ్జమాన్ని చేరుతుంది, అయితే అది షడ్జమ కార్డులో కాక ఇ♭ మైనర్ కార్డు నిషాదంగా దొరుకుతుంది. ఇంటికి వచ్చాం, కానీ ఇంకా గుమ్మంలోనే ఉన్నాం. పాట మొదలైన స్థితి అదే కాబట్టి కుట్టు ఎక్కడుందో తెలియకుండా చివరి ఎనిమిది బార్‌లు అతుక్కుంటాయి.

ఆరో మెట్టు: 1939 అక్టోబరు 11

కార్డులు చేతికి వచ్చాకనే టెనర్ శాక్సోఫోన్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ రికార్డింగు దగ్గరికి వెళ్లమని నా సలహా. మిస్సౌరీలో 1904లో జన్మించిన హాకిన్స్ 1934లో జాక్ హిల్టన్ ఆహ్వానంపై ఇంగ్లండ్ వెళ్లి, యూరప్‌లో ఐదేళ్లు గడిపి, 1939లో న్యూయార్క్‌కు తిరిగి వచ్చారు. ఆయన లేని కాలంలో టెనర్ శాక్సోఫోన్‌పై లెస్టర్ యంగ్ వంటి కొత్త గొంతుకలు వినిపించసాగాయి. ఆ నేపథ్యంలో బ్లూబర్డ్ సంస్థ కోసం తొమ్మిదిమంది బృందంతో జరిగిన ఆ రికార్డింగులో ఆయన ‘బాడీ అండ్ సోల్’ వాయించారు. 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ రికార్డింగును జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది.

జీన్ రోజర్స్ పియానోతో నాలుగు బార్‌ల ఎత్తుగడ వస్తుంది. తరువాత రెండు ఆవృత్తులు, అంటే 64 బార్‌లు, మూడు నిమిషాల్లో ముగుస్తాయి. నడక నిమిషానికి సుమారు 95 లెక్కలు. మొదటి కొన్ని బార్‌లు దాటాక జానీ గ్రీన్ కట్టిన బాణీ దాదాపు వినిపించదు. మాటలు లేవు, బాణీ లేదు, అయినా రికార్డు జనంలో విజయవంతమైంది. బాణీని తీసేసినా పాట నిలబడగలదంటే దాన్ని మోస్తున్నది హార్మొనీయేనని తేలిపోయింది. తరువాతి దశాబ్దంలో బీబాప్ అనే కొత్త జాజ్ శైలి వాద్యకారులు పాత పాటల కార్డులను ఉంచుకుని కొత్త బాణీలు కట్టడానికి ఈ రికార్డింగు దారి వేసిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

వినే పద్ధతి ఇది. మొదటిసారి కార్డుల కాగితం ముందుంచుకుని, బార్‌లు వేలితో లెక్కిస్తూ, బ్రిడ్జి ఎప్పుడు వచ్చిందో మాత్రమే గుర్తించండి. రెండోసారి మూడో బార్ నుంచి ఐదో బార్ వరకు సాగే దిగుడును హాకిన్స్ ఎలా చూపుతున్నారో వినండి. కార్డులోని స్వరాలను ఒక్కొక్కటిగా విడదీసి, కింది నుంచి పైకీ పై నుంచి కిందికీ అల్లుతూ, శాక్సోఫోన్ ఒక్క గొంతే అయినా కార్డు మొత్తం వినిపించేలా చేస్తారు. మూడోసారి రెండో ఆవృత్తిని మాత్రమే వినండి. వెనక ఇత్తడి, శాక్స్ వాద్యాల దీర్ఘస్వరాలు చేరుతాయి, ఆయన స్వరస్థాయి క్రమంగా పెరుగుతుంది, ఉద్వేగ శిఖరం ఆవృత్తి చివరి భాగం కోసం దాచిపెట్టబడి ఉంటుంది. ఆ తరువాత నాలుగు బార్‌లు రాసుకుని, అవే స్వరాలు వాయించండి; బ్రిడ్జిలోని మొదటి నాలుగు బార్‌లను ఎంచుకుంటే శ్రమకు తగిన ఫలం ఉంటుంది.

ఏడో మెట్టు: కార్డులను మార్చి చూడండి

రెండో బార్‌లోని ఎ♭7 స్థానంలో డి7 వేయడం తేలికైన మొదటి మార్పు. ఎ♭7 గాంధార నిషాదాలైన సి, జి♭ డి7లోనూ ఉన్నాయి, కేవలం హోదాలు తారుమారై ఉంటాయి. ఫలితంగా బేస్ ఇ♭, డి, డి♭ అని జారుతుంది. ఇది ట్రైటోన్ (మూడు పూర్తి మెట్ల దూరం) మార్పిడి. బ్రిడ్జి చివరి సి7, బి7, బి♭7లోని బి7ను కూడా ఈ దృష్టితో చూడవచ్చు, ఎందుకంటే అది ఎఫ్7కు ప్రతినిధిగా నిలుస్తుంది.

శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 1960 అక్టోబరులో చేసిన రికార్డింగు దీనికంటే చాలా దూరం వెళ్లింది. అది 1964లో ‘కోల్ట్రేన్స్ సౌండ్’ ఆల్బమ్‌లో వెలువడింది. మెకాయ్ టైనర్ పియానో, స్టీవ్ డేవిస్ బేస్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ వాయించారు. ప్రధాన భాగం ఆరంభంలో బేస్ కార్డులను అనుసరించకుండా పంచమమైన ఎ♭ మీద నిలిచిపోతుంది, పైన కార్డులు కదులుతుంటాయి. ఇంతకుముందు తంబురా పనికిరాదని చెప్పాను. ఈ రికార్డింగులోని ఆ బార్‌లకు మాత్రం ఐదున్నర శ్రుతి మీద తంబురా వేసుకుని సాధన చేయవచ్చు. బ్రిడ్జిలో కోల్ట్రేన్ డి మేజర్ నుంచి డి మేజర్‌కు వెళ్లే దారిని మేజర్ థర్డ్ దూరంలో ఉన్న బి♭, జి♭ శ్రుతుల మీదుగా మళ్లించారు. ఆ ఏర్పాటు ఆయన అంతకుముందు ఏడాది నుంచి పెంచుకుంటూ వచ్చిన పద్ధతి. మొదట్లో దాన్ని అనుకరించడం కంటే, మూల కార్డుల మీద మీ చేయి స్థిరపడ్డాక బ్రిడ్జిని రెండు విధాలుగానూ వరుసగా వాయించి పోల్చడం మేలు. ఒంటరిగా కీబోర్డు వాయించేవారు థెలోనియస్ మంక్ 1962లో చేసిన సోలో పియానో రికార్డింగును తప్పక వినాలి. తక్కువ స్వరాలతో, మొండిగా, ఎక్కడా అలంకారాలకు లొంగకుండా సాగుతుంది అది.

ఎనిమిదో మెట్టు: ఇతరులతో కలిసి వాయించడం

నిమిషానికి 55 నుంచి 65 లెక్కల నడక నేటి బాలడ్‌లకు సాధారణం. హాకిన్స్ నడక దానికంటే వేగవంతమైనదని మరువకండి. నెమ్మదిగా వాయించిన కొద్దీ భావం పెరుగుతుందన్న భ్రమ చాలామందిలో ఉంది. బార్‌కు రెండేసి కార్డులు ఉన్న ఈ పాటను మరీ నెమ్మదిస్తే కార్డుల మధ్య సంబంధమే తెగిపోతుంది.

శాక్సోఫోన్‌కు రాసే స్వరమూ అది పలికే స్వరమూ వేరు కనుక, టెనర్ శాక్సోఫోన్ వాయించేవారు తమ వాద్యం మీద ఇ♭ మేజర్‌లోనూ, ఆల్టో వాయించేవారు బి♭ మేజర్‌లోనూ రాసుకోవాలి. టెనర్‌పై బ్రిడ్జి ఇ మేజర్‌కు వెళ్లి డి మేజర్‌కు దిగుతుంది. గాయకులు ఉంటే వారి గొంతును బట్టి శ్రుతి మార్చక తప్పదు, అందుకే కార్డులను అక్షరాలుగా కాక షడ్జమం నుంచి మెట్లుగా కూడా గుర్తుంచుకోవాలి. పియానో ఎడమచేత్తో కింది స్థాయిలో మూలస్వరాలు వాయించడం బేస్ వాద్యకారుడు లేనప్పుడే సమంజసం. ఇద్దరూ అక్కడే ఉంటే హార్మొనీ బురదగా వినిపిస్తుంది.

మొదలుపెట్టే ముందు మూడు విషయాలు మాట్లాడుకోండి: రెండో బార్‌లో ఎ♭7 వేస్తారా, డి7 వేస్తారా, సోలో మధ్యలో డబుల్ టైమ్‌కు వెళ్తారా, సోలో ముగిశాక పాటను మొదటినుంచి ఎత్తుకుంటారా, బ్రిడ్జి నుంచా. 32 బార్‌ల ఆవృత్తి ఈ నడకలో సుమారు రెండు నిమిషాలు పడుతుంది కనుక బాలడ్‌లలో బ్రిడ్జి నుంచి ఎత్తుకోవడమే ఎక్కువ వాడుక. అలా నిర్ణయించుకున్నట్లయితే సోలో వాయించే వ్యక్తి పదహారో బార్‌లో ఇ మై7, ఎ7 వచ్చేసరికి వాక్యం ముగించి, బాణీ ఎత్తుకునేవారికి ఆ రెండు లెక్కలూ ఖాళీగా వదలాలి. బేస్ వాద్యకారుడు అక్కడ ఇ, ఎ స్వరాలను ఏ అలంకారమూ లేకుండా సూటిగా వాయిస్తే చాలు, అందరూ ఒకేసారి డి మేజర్‌లో దిగుతారు.